ఊళ్ళో మనవాళ్ళు ఇంతమంది ఉన్నా సిటీ కౌన్సిల్లో ఒక్కరూ ఎందుకు లేరు?

ప్రశ్న: డాలస్‌కి ఉత్తరాన ఒక సబర్బ్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాం. మా వీధిలో 14 ఇళ్ళుంటే 9 ఇండియన్లవే, అందులో 7 తెలుగువాళ్ళవి. మొన్న మా పాప (నాలుగో క్లాసు) స్కూల్ ప్రాజెక్టు కోసం సిటీ వెబ్‌సైట్లో కౌన్సిల్ ఫోటో చూసి, "నాన్నా, వీళ్ళలో మనలాంటి వాళ్ళు ఒక్కరూ లేరేంటి?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. ఇది రేసిజమేనా? మేం హెచ్-1బి మీద ఉన్నాం. మాలాంటి వాళ్ళు చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు:

రేసిజం లేదని చెప్పను, దాని సంగతి కింద రాస్తాను. కానీ మీ పాప చూసిన ఫోటో అలా ఉండటానికి పెద్ద కారణం మే నెల మొదటి శనివారం. టెక్సస్‌లో చాలా ఊళ్ళ కౌన్సిల్ ఎన్నికలు, స్కూల్ బోర్డు ఎన్నికలు ఆ రోజే. మీ వీధిలో తొమ్మిది ఇళ్ళనూ అడిగి చూడండి, ఎంతమందికి ఈ సంగతి తెలుసో.

నా గురించి రెండు ముక్కలు. వై2కె పని మీద 1999లో వచ్చాను. 2007 జులైలో గ్రీన్ కార్డ్ డేట్లన్నీ ఒక్కసారిగా కరెంట్ అయ్యాయి (అంటే క్యూలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి అప్లై చేసుకోవచ్చన్నారు) చూడండి, ఆ వరదలో నేనూ ఫైల్ చేశాను. సిటిజన్‌షిప్ 2014లో వచ్చింది. అప్పటి నుంచి ఎన్నికలప్పుడు బూత్‌లో క్లర్క్‌గా కూర్చుంటున్నాను. ఊళ్ళో ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చూసే ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్‌లో రెండు టర్ములు చేశాను. ఒకసారి కౌన్సిల్‌కి నిలబడి ఓడిపోయాను. ఆ ఓటమే నాకు ఎక్కువ నేర్పింది కాబట్టి దాన్ని దాచిపెట్టను.

బూత్‌లో కూర్చున్న మొదటి మే శనివారం నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. లైబ్రరీలో మీటింగ్ రూమ్, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా డ్యూటీ. మధ్యాహ్నం రెండు దాటాక జనం రావడం ఆగిపోయింది. నా పక్కన రిటైరైన పోస్టుమాన్ ఒకాయన క్రాస్‌వర్డ్ నింపుకుంటున్నాడు. కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాట్ అవతల పార్కులో క్రికెట్ మ్యాచ్. ఆడేవాళ్ళు, చూసేవాళ్ళు, పులిహోర డబ్బాలతో వచ్చిన కుటుంబాలు, అందరూ మనవాళ్ళే. బూత్‌కీ పిచ్‌కీ మధ్య వంద గజాలు ఉంటుందేమో.

బ్రేక్‌లో అటు నడిచాను. ఎవరికి ఓటెయ్యాలో క్లర్క్ చెప్పకూడదు, ఎన్నిక ఉందని మాత్రం చెప్పొచ్చు. "ఎలక్షనా? ఓట్లు నవంబర్‌లో కదన్నా!" అన్నారు. నిలబడ్డవాళ్ళలో ఆరుగురు సిటిజన్లని తేలింది. ఇద్దరు వచ్చారు. అందులో ఒకాయన డ్రైవింగ్ లైసెన్సులో ఫస్ట్ నేమ్ దగ్గర "ఎఫ్.ఎన్.యు." అని ఉంది. పాత పాస్‌పోర్టులో పేరంతా సర్‌నేమ్ గడిలో పడితే వీసా వాళ్ళు ఫస్ట్ నేమ్ తెలియదని రాసే మూడక్షరాలు అవి. ఓటరు లిస్టులో చూస్తే సిటిజన్‌షిప్ అప్పుడు సరిచేసుకున్న పేరు, ఇంటి పేరు ముందూ వెనకా అయి ఉంది. ఆయన మొహం చిన్నబోయింది, వెనక్కి తిరగబోయాడు. పేర్లు దగ్గరగా ఉంటే "నేనూ ఈ మనిషీ ఒకటే" అని ఒక గడిలో ఇనీషియల్ పెట్టి ఓటెయ్యొచ్చని టెక్సస్ నిబంధనల్లోనే ఉంది. పెట్టించాం, వేసి వెళ్ళాడు. నేను ఆ కుర్చీలో లేకపోతే ఆయన మళ్ళీ ఎప్పటికీ వచ్చేవాడు కాదనే నా నమ్మకం. పోస్టుమాన్ ఆయన చెడ్డవాడని కాదు. మన పేర్ల తంటా ఆయనకు కొత్త.

ఇప్పుడు లెక్కకొద్దాం. మనవాళ్ళు చేసే తప్పు ఇక్కడే మొదలవుతుంది. కాస్ట్‌కోలో కనిపించే తలలు లెక్కపెట్టి "ఊళ్ళో సగం మనమే" అంటాం. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో సంగతే చూడండి: 2000లో జనాభా 33,714. 2010కి 1,16,989. 2020కి 2,00,509, అందులో నాలుగో వంతుకు పైగా ఆసియన్లు. ఆ ఆసియన్లలో పెద్ద వాటా భారతీయులదే, వాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమందో ఏ ఇండియన్ గ్రోసరీలో చెవి ఒగ్గినా తెలుస్తుంది. అంకె పెద్దదే. కానీ దాంట్లోంచి పిల్లల్ని తీసెయ్యండి. హెచ్-1బి, ఎల్-1 ఉద్యోగ వీసాల వాళ్ళను, హెచ్-1బి వాళ్ళ కుటుంబాలకిచ్చే హెచ్-4 వాళ్ళను, ఎఫ్-1 విద్యార్థులను తీసెయ్యండి. గ్రీన్ కార్డ్ వాళ్ళను తీసెయ్యండి. ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ళు ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డ్ వచ్చే ఈబీ-2, ఈబీ-3 క్యూల్లో జుట్టు నెరిసేదాకా నిలబడతారు. గ్రీన్ కార్డ్ వచ్చాక మళ్ళీ ఐదేళ్ళు. మిగిలిన సిటిజన్లలో రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు కొందరు. వాళ్ళలో మేలో గడప దాటేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మీ వీధిలో తొమ్మిది ఇళ్ళలో ఓటు ఉన్న ఇళ్ళు రెండో మూడో ఉంటాయి, మేలో వేసేది ఒకటి ఉంటే గొప్ప.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది మీకు నేరుగా పనికొచ్చేది. పదేళ్ళకోసారి జరిగే జనాభా లెక్కల్లో మీరు మనిషిగానే లెక్క, వీసా ఏదైనా సరే. 2016లో సుప్రీంకోర్టు టెక్సస్ నుంచి వెళ్ళిన ఎవెన్‌వెల్ కేసులో నియోజకవర్గాలను మొత్తం జనాభాను బట్టి గీయొచ్చని ఏకగ్రీవంగా చెప్పింది. ఓటు లేని మీరూ, మీ పాపా ఆ గీతల్లో ఉన్నారన్నమాట. 2020లో మా సబ్‌డివిజన్‌లో (అంటే మా కాలనీలో) సెన్సస్ ఫారం నింపని ఇళ్ళకు వెళ్ళాం. "మేం సిటిజన్లం కాదు కదండీ" అన్నదే ఎక్కువమంది చెప్పిన కారణం. 2030లో ఆ మాట అనకండి, మీ వీధిలో ఎవర్నీ అననివ్వకండి.

ఆ ఫారంలో "ఏషియన్ ఇండియన్" అని ఒక గడి ఉంటుంది. అది ఊరికే రాలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కాదు, కాబట్టి పౌరసత్వానికి పనికిరారంది. అప్పటికే పౌరులైన కొందరి పౌరసత్వం కూడా ఊడబెరికారు. ఆ తలుపు 1946లో కొద్దిగా, 1965 చట్టంతో బాగా తెరుచుకుంది. అలా వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లను 1970 సెన్సస్ మళ్ళీ తెల్లవాళ్ళ ఖాతాలో వేసింది! మాకు వేరే గడి కావాలని అసోసియేషన్ ఆఫ్ ఇండియన్స్ ఇన్ అమెరికా వాళ్ళు డెబ్బైల్లో తిరిగి తిరిగి సాధించారు, 1980 ఫారంలో అది అచ్చయింది. వేరే గడి ఎందుకు, తెల్లవాళ్ళతో కలిసి ఉండటమే మేలు కదా అని వాదించిన మనవాళ్ళూ అప్పట్లో ఉన్నారు. ఆ మనస్తత్వం ఇప్పుడూ ఉంది, దాని దగ్గరికి వస్తాను.

రెండో కారణం సీట్ల పద్ధతి. మన పంచాయతీలో వార్డు మెంబరును ఆ వార్డు వాళ్ళే ఎన్నుకుంటారు. ఇక్కడ చాలా సబర్బుల్లో "ప్లేస్ 1, ప్లేస్ 2" అని సీట్లకు నంబర్లుంటాయి కానీ అవి వార్డులు కావు. ప్రతి సీటుకూ సర్పంచ్ ఎన్నికలాగా ఊరంతా ఓటేస్తుంది. దీన్ని అట్-లార్జ్ అంటారు. ఫ్రిస్కోలో ఇదే పద్ధతి. ఊళ్ళో ఒక మూల ఎంత గట్టిగా కలిసున్నా మిగతా ఊరు వద్దనుకుంటే ఒక్క సీటూ రాదు.

డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో హిస్పానిక్‌లకు (లాటిన్ అమెరికా మూలాల వాళ్ళకు) ఇదే జరిగింది. బెనవిడెస్ అనే ఆయన కేసు వేస్తే 2009లో ఫెడరల్ జడ్జి ఈ పద్ధతి వాళ్ళ ఓటును పలచన చేస్తోందని తీర్పిచ్చాడు. ఇప్పుడక్కడ ఆరు సీట్లు వార్డుల వారీగా, మేయర్‌తో పాటు మరో రెండు ఊరంతటికీ. పక్కనే ఫార్మర్స్ బ్రాంచ్‌లో 2012లో ఇలాంటిదే ఇంకో తీర్పు వచ్చింది. మరుసటి ఏడాదే ఆ ఊరి చరిత్రలో మొదటిసారి ఒక హిస్పానిక్ మహిళ కౌన్సిల్‌లో కూర్చుంది.

ఇది చదివి మనం కూడా కేసు వేద్దాం అనుకునే వాట్సాప్ వీరులుంటారు. మా ఊళ్ళోనూ తయారయ్యారు. లాయరును అడిగితే పది నిమిషాల్లో గాలి తీసేశాడు. అలాంటి కేసు నిలబడాలంటే ఒక వార్డు గీసి అందులో మనవాళ్ళు సగం మించి ఉన్నారని చూపించాలి, అదీ ఓటు హక్కున్న పెద్దవాళ్ళ లెక్కలో. ఇర్వింగ్‌లో హిస్పానిక్ కుటుంబాలు దక్షిణాన ఒకే చోట ఉన్నాయి. మనం? మంచి స్కూలున్న ప్రతి సబ్‌డివిజన్‌లోనూ చారెడు ఉప్పు చల్లినట్టు ఉంటాం. పోనీ చైనా, వియత్నాం, కొరియా వాళ్ళతో కలిపి లెక్కేద్దామా అంటే, 2024లో గాల్వెస్టన్ కౌంటీ కేసులో టెక్సస్ కేసులు చూసే ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు (ఐదో సర్క్యూట్) వేర్వేరు మైనారిటీలు జట్టుకట్టి ఒకే వర్గంగా అలా దావా వేయడం కుదరదంది. కాబట్టి టెక్సస్‌లో మనకు కోర్టు దారి దాదాపు మూసుకున్నట్టే. మిగిలింది ఊళ్ళో మిగతావాళ్ళ చేత ఓటు వేయించుకోవడం.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను.

నిలబడినప్పుడు నా ధైర్యమంతా మనవాళ్ళే. బాంక్వెట్ హాల్లో డిన్నర్ పెట్టాం, హాలు నిండింది. చందాలు బాగా వచ్చాయి, ఇచ్చినవాళ్ళలో సగం మంది పక్క ఊళ్ళవాళ్ళు, వాళ్ళకు మా ఊళ్ళో ఓటే లేదు. శాలువా కప్పారు, ఫోటోలు పేపర్లో వచ్చాయి. ఆ వారమంతా గెలిచేసినట్టే తిరిగాను.

తర్వాత క్యాండిడేట్ల ఫోరం జరిగింది. అరవై మంది ఉంటారు, ఎక్కువమంది తలలు నెరిసినవాళ్ళు. మేలో ఓటేసేది వాళ్ళే. నేను డైవర్సిటీ గురించి, కౌన్సిల్ అద్దంలా ఊరిని చూపించాలని మాట్లాడాను. ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. నల్లజాతి ఆవిడ, రిటైరైన టీచర్. వాళ్ళది ఊళ్ళోకెల్లా పాత వీధి, మన సబ్‌డివిజన్లు పత్తి చేలుగా ఉన్నప్పటి నుంచీ వాళ్ళ కుటుంబాలు అక్కడే. "మా వీధి చివర కల్వర్టు పొంగి ఇళ్ళలోకి నీళ్ళొస్తున్నాయని మూడేళ్ళుగా మీ కమిషన్‌కి వచ్చి చెబుతున్నాను. మీరు నాలుగో కుర్చీలో కూర్చునేవారు. నా పేరు గుర్తుందా?" అంది.

గుర్తులేదు. ఆవిడ మొహం గుర్తుంది, పేరు గుర్తులేదు. హాల్లో ఎవరూ ఏమీ అనలేదు. మోడరేటర్ తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు. ఆ ఎన్నిక నేను ఆ రాత్రే ఓడిపోయాను, లెక్క మాత్రం శనివారం తేలింది.

అందుకే చెప్తున్నాను, 14లో 9 ఇళ్ళు మనవైతే అది మనకు డైవర్సిటీలా కనిపిస్తుంది. మిగతా ఐదు ఇళ్ళకు ఎలా కనిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించామా? ఆ ఐదింటిలో ఎవరుంటారో పేర్లు చెప్పగలరా? చెప్పగలిగితే మీరు నాకంటే నయం.

ఇంకా చేదు సంగతి ఒకటి. ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు రియల్టర్‌ని అడిగే మొదటి ప్రశ్నల్లో "అక్కడ నల్లవాళ్ళు ఎక్కువా?" అనేది ఒకటి. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం రంగును బట్టి కొనేవాళ్ళను ఇటో అటో తిప్పడం చట్టవిరుద్ధం, కాబట్టి బుద్ధున్న రియల్టర్ నోరు విప్పడు. అప్పుడు మనవాళ్ళు పన్ను కోసం ఇళ్ళ విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్ తెరిచి, వీధి పేరు కొట్టి, ఓనర్ల ఇంటి పేర్లు వరసగా చదువుతారు. అక్కడితో ఆగితే బాగుండు. ఆ ఇంటి పేర్లలో ఏ కులం ఎన్ని ఇళ్ళో కూడా లెక్కేస్తారు. ఇదంతా చేసి, సోమవారం ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర "ఈ దేశంలో మనల్ని కలుపుకోరండీ" అంటారు. మా ఊళ్ళో మన సంఘం ఎన్నికలకు రెండు ప్యానెళ్ళు, కరపత్రాలు, రాత్రి పన్నెండింటికి ఫోన్లు, లాయర్ నోటీసులు. అదే వారం జరిగిన స్కూల్ బోర్డు ఎన్నికలో ఆ రెండు ప్యానెళ్ళ నాయకుల్లో ఓటేసినవాళ్ళు తక్కువే. ఎవరు వేశారన్నది పబ్లిక్ రికార్డే (ఎవరికి వేశారన్నది కాదు), నేను చూశాను.

సరే, రేసిజం సంగతి. ఉంది, కొన్నిసార్లు ప్రాణాలు తీసేంతగా ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను "మా దేశం నుంచి పొండి" అని అరిచి కాల్చి చంపారు. అడ్డుపడి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్ తెల్లబ్బాయే అన్నది కూడా మరిచిపోకూడదు. అదే ఏడాది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో స్కూల్ బోర్డుకు నిలబడ్డ ఒక భారతీయ మహిళ, ఒక చైనా మూలాల అభ్యర్థి ఫోటోల మీద "డిపోర్ట్" అని ముద్ర వేసిన కార్డులు ఇంటింటికీ పోస్టులో వెళ్ళాయి. 2022లో మన ప్లేనోలోనే రెస్టారెంట్ పార్కింగ్ లాట్లో నలుగురు భారతీయ మహిళల మీద ఒకావిడ చెయ్యి చేసుకున్న వీడియో అందరం చూశాం. నేను నిలబడ్డప్పుడు నా యార్డ్ సైన్లు రెండు సార్లు పీకేశారు, ఒకదాని మీద రాసిన మాట ఇక్కడ రాయను. కానీ సైన్లు పీకినవాడి వల్ల నేను ఓడిపోలేదు.

ఎడిసన్‌నే తీసుకోండి. 2010 లెక్కల్లోనే అక్కడ 43 శాతం ఆసియన్లు. ఓక్ ట్రీ రోడ్ మనవాళ్ళకు అమెరికాలో గుంటూరు బ్రాడీపేట లాంటిది. అయినా దక్షిణాసియా మూలాలున్న మొదటి మేయర్, శామ్ జోషి, ప్రమాణం చేసింది 2022 జనవరిలో. అంతకుముందు ఆయన అదే ఊరి కౌన్సిల్‌లో పనిచేశాడు. హ్యూస్టన్ పక్కన చూడండి, మలయాళీలు అమెరికా మొత్తం మీద అంకెల్లో మనకన్నా తక్కువే అయినా మిస్సోరి సిటీలో రాబిన్ ఎలకాట్, స్టాఫర్డ్‌లో కెన్ మాత్యూ మేయర్లయ్యారు. ఇద్దరూ ముందు అవే కౌన్సిళ్ళలో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళు. నాకు తోచిన కారణం ఇది: మలయాళీల్లో ముందు తరం నర్సులు. గ్రీన్ కార్డులు తొందరగా వచ్చాయి, ఓట్లు తొందరగా వచ్చాయి, ఊరు మారకుండా ఒకే చోట పాతుకున్నారు. పైగా ప్రతి ఆదివారం చర్చిలో కలుస్తారు, అక్కడ ఓటు ఫారం నింపించడం తేలిక. మనం ప్రాజెక్టు మారితే ఊరు మారే జనం. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయినప్పుడు వాట్సాప్‌లో "మన తెలుగమ్మాయి" అని పండగ చేసుకున్నాం. ఆవిడ అంతకుముందు మాంట్‌గోమరీ కౌంటీలో పాతికేళ్ళు సివిల్ ఇంజనీరుగా రోడ్ల పని చూసిన సంగతి ఆ ఫార్వర్డుల్లో లేదు. ఓట్లు అక్కడి నుంచి మొదలయ్యాయని నేననుకుంటాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, హెచ్-1బి మీద ఏం చేయొచ్చని.

ముందు చేయకూడనివి. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్‌లో గానీ ఎక్కడైనా గానీ "సిటిజన్" గడిలో టిక్ పెట్టొద్దు, పొరపాటున కూడా. ఓటరుగా నమోదవడం, ఓటెయ్యడం డిపోర్టేషన్ దాకా వెళ్ళే తప్పులు. ఎన్నికల ప్రచారానికి పది డాలర్లు కూడా ఇవ్వొద్దు. గ్రీన్ కార్డ్ లేనివాళ్ళు ఏ అభ్యర్థికీ చందా ఇవ్వకూడదన్న ఫెడరల్ చట్టం ఊరి ఎన్నికలకూ వర్తిస్తుంది. నా డిన్నర్‌కి వచ్చిన చెక్కుల్లో నాలుగు ఇలా వెనక్కి పంపాల్సి వచ్చింది, ఒకాయనకు కోపం వచ్చి ఇప్పటికీ మాట్లాడడు. జీతం లేకుండా వాలంటీరుగా తలుపులు తట్టొచ్చు, సైన్లు పాతొచ్చు. ప్రచారంలో డబ్బు నిర్ణయాల జోలికి మాత్రం వెళ్ళొద్దు.

చేయగలిగినవి మీరనుకునే దానికంటే ఎక్కువ. కౌన్సిల్ మీటింగ్‌లో సిటిజన్ ఇన్‌పుట్ అనే సమయం ఉంటుంది. పేరులో సిటిజన్ ఉన్నా మీరు మాట్లాడొచ్చు. కార్డు నింపి ఇస్తే మా ఊళ్ళో మూడు నిమిషాలిస్తారు. ఒక్క మనవి: ముప్పై మంది ఒకే రంగు టీ షర్టులేసుకుని వచ్చి, ఒకే మాట ముప్పై సార్లు చెప్పి, మన ఐటెం అవగానే హాలు ఖాళీ చేసి వెళ్ళిపోకండి. అవతలి వైపు కుర్చీలోంచి చూసినవాణ్ణి చెబుతున్నాను, మిగిలిన ఐటెమ్‌ల కోసం కూర్చున్న ముసలాయన మొహం అప్పుడు చూడాలి. గుడి స్థలం జోనింగ్ మా కమిషన్ ముందుకు వచ్చినప్పుడు ఇలాగే జరిగింది. 200 అడుగుల లోపు ఇళ్ళకు సిటీ ఉత్తరాలు పంపింది. వాళ్ళు అడిగింది ఒక్కటే, వైకుంఠ ఏకాదశి లాంటి రోజున కార్లు ఎక్కడ పెడతారని. మనవాళ్ళు మత స్వేచ్ఛ గురించి, జోనింగ్‌లో గుళ్ళకూ చర్చిలకూ రక్షణ ఇచ్చే 2000 నాటి ఫెడరల్ చట్టం గురించి ఉపన్యాసాలిచ్చారు. చట్టం మన వైపే ఉంది, నిజం. కానీ ఐటెం వాయిదా పడింది. రెండోసారి ఒక అమ్మాయి, హెచ్-4 మీద ఉంది, పక్కనున్న చర్చితో పార్కింగ్ ఒప్పందం రాయించుకుని, ఏ పండక్కి ఎన్ని కార్లో ఒక పేజీ లెక్క తెచ్చింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆ అమ్మాయికి ఇప్పటికీ ఓటు లేదు. మా సిటీ హాల్లో ఆమె పేరు తెలియనివాళ్ళు లేరు.

మీ హెచ్.ఓ.ఏ. (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) బోర్డుకు నిలబడటానికి ఇంటి ఓనరైతే చాలు. స్కూల్లో తల్లిదండ్రులు, టీచర్ల సంఘం పి.టి.ఎ.కి అదీ అక్కర్లేదు. అయితే పి.టి.ఎ.లో దీపావళి స్టాల్ పెట్టడంతో సరిపెట్టుకోకండి, ట్రెజరర్ పని తీసుకోండి, ఎవరూ ముందుకు రాని పని అదే. సిటీ బోర్డులు, కమిషన్లకు చాలా ఊళ్ళలో ఓటరై ఉండాలంటారు, కొన్నిటికి అక్కర్లేదు. మీ ఊరి నియమావళి, అంటే చార్టర్, చదవండి. స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దులూ ఊరి హద్దులూ ఒకటి కావని కూడా చూసుకోండి. ఇల్లు ప్లేనోలో ఉండి పిల్లలు ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఐ.ఎస్.డి.)లో చదివే వీధులున్నాయి. ఏ ఎన్నిక మీదో తెలియకుండానే ఒక మే గడిచిపోతుంది.

మీ వీధిలో ఓటున్న రెండు మూడు ఇళ్ళకు మీరే వెళ్ళి తేదీ చెప్పొచ్చు. రిజిస్ట్రేషన్ ఎన్నికకు 30 రోజుల ముందే అయిపోవాలి. టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకునేటప్పుడు తప్ప కొత్తగా నమోదవడానికి ఆన్‌లైన్ లేదు, కాగితమే పంపాలి. ఏప్రిల్‌లో గుర్తొస్తే ఆ ఏడాది అయిపోయినట్టే. ఎర్లీ ఓటింగ్ వారం రోజులుంటుంది కాబట్టి శనివారం క్రికెట్ మానక్కర్లేదు.

నా ఓటమి తర్వాత ఆ టీచర్ గారి ఇంటికి వెళ్ళాను. కల్వర్టు చూపించారు. అంతకన్నా ముఖ్యంగా నాకు చూపించినది, వాళ్ళాయన 1970లలో స్కూల్ బోర్డుకు నిలబడి ఓడిపోయినప్పటి కరపత్రం, బైబిల్లో దాచిపెట్టుకున్నారు. మూడుసార్లు నిలబడ్డాడట, మూడుసార్లూ ఓడిపోయాడట. "నువ్వు ఒక్కసారికే ఇంట్లో కూర్చుంటావా?" అన్నారు. కల్వర్టు పని రెండేళ్ళ తర్వాత బడ్జెట్‌లోకి వచ్చింది. ఆ రోజు మాట్లాడటానికి వెళ్ళినవాళ్ళలో మా తెలుగువాళ్ళు ఐదుగురు ఉన్నారు, ఎవరి ఇంట్లోకీ ఆ నీళ్ళు రావు. ఇంకోసారి నిలబడతానో లేదో తెలియదు. మా ఊరి నుంచి వేరే అమ్మాయి నిలబడితే ఆమె కోసం ఆ వీధిలో తలుపులు తట్టడానికి మాత్రం నాకిప్పుడు ముఖం ఉంది.

మీ పాపకు నిజమే చెప్పండి. మనలో చాలామందికి ఇంకా ఓటు రాలేదని, వచ్చినవాళ్ళు వెయ్యట్లేదని, కొంతమందికి మనం అక్కడ కూర్చోవడం ఇష్టం లేదని కూడా. నాలుగో క్లాసు పిల్లలకు ఈ మూడూ అర్థమవుతాయి. ఒక మంగళవారం సాయంత్రం కౌన్సిల్ మీటింగ్‌కి తీసుకెళ్ళండి, గంటలో బోర్ కొడుతుంది, వచ్చేటప్పుడు ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి. పదహారేళ్ళు నిండాక టెక్సస్‌లో హైస్కూల్ పిల్లల్ని బూత్‌లో స్టూడెంట్ క్లర్క్‌గా తీసుకుంటారు, డబ్బులు కూడా ఇస్తారు. అయితే దానికి సిటిజనై ఉండాలి. పాప ఇక్కడే పుట్టి ఉంటే మీ ఇంట్లో మొదటి ఓటు తనదే కావచ్చు.

మీ ఊరి పేరు రాస్తే వచ్చే మేలో ఏ ప్లేసులు ఖాళీ అవుతున్నాయో, అక్కడ బోర్డులకు ఓటరు నిబంధన ఉందో లేదో చూసి చెబుతాను.